పిడికెడు బియ్యంతో కొన్న బాక్సు

పెనుకొండలో బేస్ గిటార్ వాయించేవాడు ప్రేమ్ కుమార్ ఒక్కడే కాబట్టి, అదేమిటో విడమరిచి చెప్పే పని కూడా అతనిదే. మామూలు గిటార్‌కు ఆరు తీగలుంటాయి, దీనికి నాలుగే. చూసినవాళ్లు, "ఏమప్పా, రెండు తెగిపోయినాయా?" అని అడిగేవాళ్లు. మొదట్లో ఓపిగ్గా చెప్పేవాడు. ఇది పాటకు అడుగున నడిచే శబ్దమనీ, చెవి కంటే ముందు పొట్టకు తెలుస్తుందనీ. రానురాను విసుగు పుట్టి, "అవునన్నా, తెగిపోయినాయి" అనేసి నవ్వడం మొదలుపెట్టాడు. చిన్న అబద్ధంతో పెద్ద సంజాయిషీ తప్పుతుందని అక్కడే రుచి మరిగాడేమో, ఎవరు చెప్పగలరు?

ఎర్రమంచి దగ్గరి కార్ల ఫ్యాక్టరీలో విడిభాగాల స్టోర్లో ఉద్యోగం. ముప్పై దాటినా పెళ్లి మాట ఎత్తనివ్వడు. ఇంట్లో తల్లి రాధమ్మ, అతనూ. ఆదివారం చర్చిలో పాటలకు బేస్ వాయిస్తాడు. అక్కడున్న యాంప్, అంటే గిటార్ శబ్దాన్ని పెంచే పెట్టె, పాతకాలంది, బీరువాకు తమ్ముడిలా ఉంటుంది, కదిలించాలంటే ఇద్దరు మనుషులు కావాలి. దాన్ని కాస్త గట్టిగా మోగిస్తే ముందు వరసలో పెద్దలు వెనక్కి తిరిగి చూస్తారు. అందుకని ప్రేమ్ కుమార్ ఇన్నేళ్లూ ఎవరికీ వినపడకుండా జాగ్రత్తగా వాయిస్తూ వచ్చాడు. ఒక్కసారైనా మనసారా మోగించాలని లోపల గుంజుతూనే ఉండేది.

ఆ కోరిక హిందూపురంలో తీరింది. ఫ్యాక్టరీలోనే పనిచేసే లోకేష్ బాగా పాడతాడు, గిటార్ వాయిస్తాడు. హిందూపురంలో దాసప్ప అనే ఆయన తన బార్ మేడమీద రంగుల దీపాలు కట్టి, నాలుగు ఎత్తు స్టూళ్లు వేసి, దానికి పబ్ అని బోర్డు పెట్టాడు. శనివారం సాయంత్రాలు పాడేవాళ్లు కావాలన్నాడు. లోకేష్ పిలిస్తే ప్రేమ్ కుమార్ మరో మాట లేకుండా ఒప్పుకున్నాడు.

చిక్కల్లా ఇంటి దగ్గర. రాధమ్మ భర్త రామాంజనేయులు తాగి తాగి పోయినవాడు. అతని కోసం ఆమె వాకిట్లో కూర్చున్న రాత్రులు ప్రేమ్ కుమార్‌కు బాగా గుర్తు. తాను చుక్క ముట్టడు. అయినా బార్ అన్న మాట ఆ ఇంట్లో ఎలా పలుకుతాడు? మొదటి శనివారం గిటార్ భుజాన వేసుకుంటుంటే ఆమె అడిగింది.

"యాడికి నాయనా?"

"హిందూపురంలో కూటముండాది మా."

సువార్త కూటమని అతను అనలేదు. ఆమే అలా అనుకుంది. అనుకోనిచ్చాడు. ఆ ముఖంలో వచ్చిన వెలుగు చూశాక ఇక దిద్దడం అతని వల్ల కాలేదు.

పబ్‌లో బేస్‌కు యాంప్ లేదు. గిటార్ వైరును నేరుగా సౌండ్ మిక్సర్లో పెడితే గోడకున్న చిన్న స్పీకర్లు గరగరలాడేవి. "ఏమప్పా, నీ గిటార్ మోగతాందో నా ఫ్రిజ్ మోగతాందో తెలీకుండా ఉండాది" అన్నాడు దాసప్ప. సొంత యాంప్ తెచ్చుకోకపోతే ఇంకొకరిని చూసుకుంటానని కూడా అన్నాడు. ఇక ప్రేమ్ కుమార్ టీ విరామంలో ఫోన్ పట్టుకుని యాంపుల గురించే చూడసాగాడు. ఇరుకు మెట్లమీద ఒంటిచేత్తో మోయగలిగేది కావాలి. బైక్ వెనక ఇమడాలి. మరీ చిన్నదైతే జనం మాటల్లో కలిసిపోతుంది. పెద్దదైతే ఆ తక్కువ ఎత్తు గదిలో గాజు గ్లాసులు గలగలలాడతాయి. అన్నిటికంటే ముందు, ధర తన జీతానికి అందాలి. ఆ ధర దగ్గరే ప్రతిసారీ ఆగిపోయేవాడు.

ఒక ఆదివారం చర్చిలో, దేవుడు చేసిన మేళ్ల గురించి సాక్ష్యాలు చెప్పే వేళ రాధమ్మ లేచింది.

"నా కొడుకు శనివారం శనివారం కూటాలకు పోతాండాడు. వాయించేదానికి బాక్సు లేక శానా కష్టపడతాండాడు. చిన్న బాక్సొకటి దొరకాలని అందరూ ప్రార్థన చేయండి."

ప్రేమ్ కుమార్ తల వంచి గిటార్ తీగలు చూస్తూ ఉండిపోయాడు. నేల చీలితే దిగిపోవాలనిపించింది. నేల చీలలేదు. గంగులమ్మ లేచింది.

ఆ సంఘంలో పిడికెడు బియ్యం కానుక గంగులమ్మ చేతిమీదుగా నడుస్తుంది. ఆడవాళ్లు ఎసట్లో బియ్యం పోసేముందు ఒక పిడికెడు తీసి వేరే డబ్బాలో వేస్తారు. ఆదివారం దాన్ని తెచ్చి అందరూ ఒకే గోతంలో పోస్తారు. ఆరాధన అయ్యాక ఆ బియ్యాన్ని వేలం పాట పెడితే, సంఘంలోవాళ్లే ఒకరు అంగడి ధర కంటే ఎక్కువిచ్చి కొనుక్కుంటారు. రేషన్ దొడ్డు బియ్యం, సన్న బియ్యం, పాత బియ్యం, కొత్త బియ్యం అన్నీ కలిసి ఉంటాయి. వండితే సగం మెత్తబడుతుంది, సగం పలుకుగా ఉంటుంది. అయినా దాన్ని తినడం గొప్పగా అనుకుంటారు.

"ప్రార్థన ఒకటే ఎందుకు? బియ్యం అమ్మిన దుడ్లు ఉండాయి కదా. దేవుని పనికే కదా దాచింది" అంది గంగులమ్మ. సంఘమంతా స్తోత్రం అంది.

వద్దనడానికి ప్రేమ్ కుమార్ నోరు తెరిచాడు. ఎందుకు వద్దో చెప్పాలి కదా? మళ్లీ మూసుకున్నాడు.

కొనడానికి ధర్మవరం వెళ్లారు. అతనొక్కడే వెళ్తానంటే ఒప్పుకోలేదు. అందరి బియ్యం డబ్బు కాబట్టి అందరి తరఫునా ఎవరో ఒకరు చూడాలని గంగులమ్మ బయల్దేరింది. కొడుకు సంబరం చూడాలని రాధమ్మ కూడా. పట్టుచీరల అంగళ్ల మధ్య ఇరుక్కున్న ఆ వాద్యాల అంగడి నాగేంద్రది. పాతవీ కొత్తవీ అమ్ముతాడు.

"యాడ వాయించేదానికప్పా?" అని అడిగాడు నాగేంద్ర. అమ్మే ఎవడైనా అడిగే మొదటి ప్రశ్నే. ప్రేమ్ కుమార్ మాత్రం ముందు తల్లి వైపు ఓ చూపు చూశాడు.

"చిన్న చిన్న తావుల్లోన్నా."

నాగేంద్ర మూడు చూపించాడు. ఒకటి నడుమెత్తు పెట్టె, దానిమీద వేరే యాంప్. రెండోది ఇంట్లో సాధన చేసుకునే బుల్లి బాక్సు. మూడోది బెంగళూరులో ఎవరో వాడి అమ్మేసినది. పది అంగుళాల స్పీకర్, వంద వాట్లు, నీళ్ల బిందె కంటే బరువుండదు. వెనక్కి వాల్చి పెడితే వాయించేవాడి చెవికి సూటిగా వినిపిస్తుంది. వెనకనుంచి మిక్సర్‌కు వైరు ఇచ్చుకోవచ్చు. చూడగానే ప్రేమ్ కుమార్‌కు దాసప్ప మేడమీది మూల కళ్లముందు మెదిలింది. కొలిచి చేయించినట్టు సరిపోతుంది.

గంగులమ్మ మాత్రం పెద్ద పెట్టె చుట్టూ తిరిగింది. "ఇది తీస్కోప్పా. మైదానంలో కూటం పెడితే ఆ చివర కూచున్నోళ్లకు కూడా ఇనపడాల."

"వద్దత్తా. చిన్నదే సాలు."

"దుడ్లు సాలవని బయపడతాండావా? ఇంకో రెండు నెలలు బియ్యం ఎక్కువ తీస్తాం."

"అది కాదత్తా. దీన్ని మెట్లెక్కియ్యల్ల."

నోరు జారింది. ఏ కూటం మెట్లెక్కి పెడతారు? నాగేంద్ర చటుక్కున తలెత్తి చూశాడు. అంతలో రాధమ్మే అందుకుంది. "మేడమీద ఇండ్లల్లో కూడా పెడతారంట వదినా కూటాలు, ఊర్లు పెరిగినాయి కదా." కొడుక్కి దొరకని అబద్ధాన్ని తల్లి అంత నిష్కల్మషంగా అందించింది.

గంగులమ్మ నాగేంద్ర వైపు తిరిగింది. "చూస్తివా అంగడాయనా! పెద్దది కొనిస్తామంటే చిన్నది సాలంటాండాడు. ఈ కాలం పిల్లోల్లకు ఇట్లాంటి తగ్గింపు మనసు యాడుండాది?"

ప్రేమ్ కుమార్ వంగి బాక్సు వెనక భాగం పరిశీలించాడు. అక్కడ చూడాల్సిందేమీ లేదు. ముఖం దాచుకోవడానికి వేరే చోటు దొరకలేదంతే. నాగేంద్రకు సంగతి అర్థమయ్యే ఉంటుంది. ధర కొంత తగ్గించాడు. ఆ తగ్గింపు తిట్టిన దానికంటే ఎక్కువ తగిలింది.

ఆదివారం ప్రతిష్ఠ ప్రార్థన అయ్యేదాకా బాక్సు వాడకూడదని రాధమ్మ కోరిక. శనివారం పొద్దున్నుంచీ లోకేష్ ఫోన్లు. మోగుతుందో లేదో ఒకసారి చూసుకోవాలి కదా అని తనకు తానే చెప్పుకుని, తల్లి నీళ్లకు వెళ్లిన సమయంలో ప్రేమ్ కుమార్ అట్టపెట్టెను మూలన అలాగే ఉంచి, బాక్సును బైక్‌మీద కట్టుకుని హిందూపురం వెళ్లాడు.

అబ్బ, ఎంత బాగా మోగిందని! మొదటి పాటకే బల్లల దగ్గర మాటలు తగ్గాయి. లోకేష్ పాడుతూ పాడుతూ వెనక్కి తిరిగి నవ్వాడు. ఇన్నేళ్లూ వేళ్లలో అణిచిపెట్టుకున్నదంతా బయటికొచ్చింది. తల్లి, గంగులమ్మ, బియ్యం ఏవీ గుర్తు రాలేదు. నిజం చెప్పుకోవాలంటే అతను అంత సంతోషంగా ఎన్నడూ లేడు. తర్వాత తలచుకున్నప్పుడల్లా అతన్ని కుంగదీసింది అదే.

పాటకూ పాటకూ మధ్య ఎవరో తాగిన మనిషి వచ్చి బాక్సుమీద గ్లాసు పెట్టాడు.

"దానిమీద పెట్టద్దన్నా" అని ప్రేమ్ కుమార్ గ్లాసు తీసి, అంటిన తడిని చొక్కాతో తుడిచాడు.

"ఏమి, దేవుని పెట్టెనా?" అని నవ్వాడు ఆ మనిషి.

ప్రేమ్ కుమార్ బాక్సును గోడవైపు జరిపాడు. మిగతా పాటలు ఎలా వాయించాడో అతనికే తెలియదు.

ఆదివారం బాక్సును పూలదండతో ముందు పెట్టారు. పాస్టరు అయ్యగారు ప్రార్థన మొదలుపెట్టగానే ఆడవాళ్లు ఒక్కొక్కరే వచ్చి దానిమీద చెయ్యి ఉంచారు. చివరగా అంజనమ్మవ్వ వచ్చింది. ఒంటరి ముసలామె, చెవులు దాదాపు పోయాయి. ఒంటిపూట వండుకుంటుంది, అందులోంచే పిడికెడు తీస్తుంది.

"వాయించు నాయనా" అంది బాక్సు పక్కన కూలబడి.

"అవ్వకు ఇనపడదు లేప్పా" అన్నారెవరో. ప్రేమ్ కుమార్ అడుగు తీగను నెమ్మదిగా మీటాడు. అవ్వ అరచెయ్యి బాక్సుమీదే ఉంది. కాసేపటికి ఆమె ముఖం విచ్చుకుంది.

"తెలుస్తాండాది! పాట తెలుస్తాండాది నాయనా! చెయ్యిలోకొస్తాండాది!"

ఆడవాళ్లు కళ్లు తుడుచుకున్నారు. రాధమ్మ గర్వంగా కొడుకు వైపు చూసింది. అతని చేతులు ఆగిపోయాయి.

"అయ్యగారూ, ఇది నిన్న బార్లో మోగింది" అన్నాడు.

ఎవరికీ అర్థం కాలేదు. మళ్లీ చెప్పాల్సి వచ్చింది. కూటాలు లేవని, హిందూపురంలో బార్ మేడమీద వాయిస్తున్నానని, చిన్నది ఎంచుకుంది కూడా అందుకేనని, మొదటినుంచీ అంతా అబద్ధమేనని. బాక్సు సంఘానికి ఇచ్చేస్తాను, తీసుకోండి అన్నాడు. తల్లి వైపు చూసే ధైర్యం లేదు.

గంగులమ్మ ముఖం ఎర్రబడింది. "అంగట్లో అంతమంది ముందర నిన్ను పొగిడితినే! నా నోరు పడిపోనూ! తీస్కోమంటాండావు, ఎవరికియ్యల్ల దీన్ని? అందరూ ఒకే గోతంలో పోసిరి. ఎవరి గింజలు ఏరి ఎవరికియ్యల్లప్పా?"

అయ్యగారు మెల్లగా, తర్వాత కూర్చుని మాట్లాడదామన్నారు. ఏమైందో తెలియని అంజనమ్మవ్వ, "ఎందుకు నిలిపినాడు? ఇంకొంచెం వాయించమనండి" అని అందర్నీ అడుగుతోంది. ఎవరూ ఆమెకు చెప్పలేదు.

తల్లీ కొడుకులు ఇంటికి వచ్చారు. తిడుతుందని చూశాడు, ఏడుస్తుందని చూశాడు. రాధమ్మ అన్నం వడ్డించి ఎదురుగా కూర్చుంది.

"బార్‌కని చెప్పింటే పోవద్దంటాననుకుంటివా?"

"ఊ."

"అంటాంటిని. నువ్వు ఇనవు, పోతాంటివి. నీ నాయనకు కూచున్నట్ల నీకూ వాకిట్లో కూచుంటాంటిని, ఎట్లొస్తాడో ఏమో అని." ఆమె నీళ్ల చెంబు కంచం పక్కకు జరిపింది. "దేవుని పనికి పోయినాడులే అని ఇన్ని శనివారాలు నిమ్మళంగా నిద్రపోతినే నాయనా నేను. నా కొడుకు బార్లో ఉంటే నేను నిద్రపోతిని."

తప్పు తనదన్నట్టే అంది ఆ మాట. ప్రేమ్ కుమార్ కలిపిన ముద్ద నోటికి ఎత్తలేకపోయాడు.