పూజగది రాళ్లు, చేపల నీళ్లు

మా పాప మూడో పుట్టినరోజుకు మా ఆయన ఒక గాజు తొట్టి, ఆరు ఏంజెల్ చేపలు తెచ్చాడు. పాప అడిగింది బెలూన్లు. చేపలు ఆయనకు కావాలి, పాప పేరు చెప్పుకున్నాడు.

కరీంనగర్‌లో మా ఇంటి బోరు నీళ్లు ఎలాంటివో మా బిందెల లోపల కట్టిన తెల్లటి పొర చెబుతుంది. ఆ నీళ్లతో పప్పు ఉడకదు, సబ్బు నురగ రాదు. అవే తొట్టిలో పోశాడు. అడుగున పరచడానికి రాళ్లు మా అత్తమ్మ ఇచ్చింది. పూజగదికి పాలరాయి వేయించినప్పుడు మిగిలిన ముక్కలవి. దేవుడి గది కోసం తెచ్చిన రాయిని చెత్తలో వేయకూడదు, కాలు తగిలేచోట ఉంచకూడదు, నీళ్లలో కలపాలి అన్నది ఆమె నియమం. ధర్మపురి వెళ్లినప్పుడు గోదావరిలో వేద్దామని సంచిలో కట్టి మెట్ల కింద పెట్టింది. రెండేళ్లలో మూడుసార్లు ధర్మపురి వెళ్లాం. మూడుసార్లూ సంచి మరిచిపోయాం. అంత భక్తి మాది.

"నీళ్లే గదా, గిండ్ల ఏస్తె అయిపాయె," అంది అత్తమ్మ తొట్టిని చూడగానే.

మా ఆయన సుత్తితో ముక్కలను చిన్నగా కొట్టి పరిచాడు. తెల్లగా మెరుస్తున్నాయని ఫొటో తీసి చుట్టాలందరికీ పంపాడు.

పదో రోజున ఒక చేప చచ్చి తేలింది. అత్తమ్మ నన్ను ఓదార్చింది.

"మంచిదే అయింది బిడ్డా. పిల్ల మీదికి రావాల్సింది చేప మీదికెళ్లి పోయింది."

నేను డిగ్రీలో కెమిస్ట్రీ చదివాను. ఇలాంటి మాటలంటే నాకు ఒళ్లు మంట. అయినా ఆ సాయంత్రం పాప నుదుటి మీద నాలుగుసార్లు చెయ్యి పెట్టి చూశాను. ఇంకా ఐదున్నాయి కదా అనుకున్నాను. ఆ వెంటనే, ఐదూ అయిపోయాక ఎవరి వంతు అనుకున్నాను. చదువు నన్ను ఎంతవరకు కాపాడిందో అప్పుడే తెలిసింది.

మా ఆయన వీడియోలు చూసి, ఏంజెల్ చేపల నీళ్లలో కాస్త ఆమ్లం ఉండాలని కనిపెట్టాడు. నీళ్ల పిహెచ్ ఏడు దాటితే క్షారం, తగ్గితే ఆమ్లం. చేపలకు ఆరున్నర కావాలట. చిన్న గాజు గొట్టంలో తొట్టి నీళ్లు పట్టి, పరీక్ష చుక్కలు వేస్తే ముదురు నీలం వచ్చింది. అంటే ఏడున్నర పైమాటే. దుకాణం నుంచి ఆమ్లం సీసా తెచ్చి తొట్టిలో పోశాడు. సాయంత్రానికి పరీక్షలో ఆకుపచ్చ రంగు. పొద్దున మళ్లీ నీలం. మళ్లీ పోశాడు. చేపలు పైకొచ్చి నోళ్లు తెరిచి ఎగపోస్తుంటే, ఆయన గొట్టాన్ని కిటికీ వెలుగులో పట్టుకుని రంగు చూసుకునేవాడు.

"పాలరాయంటే సున్నపురాయే. నువ్వు పోసే ఆసిడ్‌నంత ఆ రాళ్లే తాగుతున్నయి," అన్నాను.

"రాళ్లు తాగుడేందే?"

ఒక ముక్క బయటికి తీసి దాని మీద నిమ్మకాయ పిండాను. సన్నటి బుడగలు లేచాయి.

"అరె, సోడ లెక్కున్నది!" అని నవ్వాడు. నవ్వి, ముక్కను తొట్టిలోకే విసిరి, వీడియో మనిషి చెప్పాడని ఆ రోజు మోతాదు రెట్టింపు చేశాడు. ఆ మనిషి ఏం చదివాడో ఆయన ఎన్నడూ అడగలేదు. నేనేం చదివానో పెళ్లిచూపులప్పుడు ఒకసారి అడిగారు, అంతే.

వారంలో మరో మూడు చేపలు పోయాయి. ఇక మిగిలినవి రెండు. మూడుసార్లూ అత్తమ్మ అదే మాట అంది. చివరిసారి ఏకంగా పాపతోనే అంది.

"నీ కోసమే పోయింది తల్లీ."

"నా కోసం ఎందుకు బాపమ్మా? నేను పొమ్మనలే," అంది పాప. ఆ రోజు తొట్టి ఉన్న గదిలో అన్నం తిననని మొండికేసింది.

ఆ వారంలోనే అత్తమ్మ చుట్టాల పెళ్లికని నిర్మల్ వెళ్లింది. మా ఆయన ఆఫీసుకు వెళ్లగానే నేను రెండు చేపలను తొట్టి నీళ్లతోనే బకెట్‌లోకి మార్చాను. రాళ్లన్నీ ఏరి సంచిలో కట్టాను. ఆమ్లం సీసాను అటక ఎక్కించాను. అన్ని రోజులూ అది పాపకు అందే ఎత్తులోనే ఉంది, ఆ సంగతి ఎవరికీ పట్టలేదు. ఆ రోజు నుంచి మేం తాగే, సున్నం తీసిన క్యాను నీళ్లు తొట్టిలో కొంచెం కొంచెంగా కలుపుతూ వచ్చాను. రెండు వారాలకు పరీక్ష రంగు ఆకుపచ్చ దగ్గర ఆగి, మళ్లీ కదల్లేదు. చేపలు రెక్కలు విప్పి తిరిగాయి.

"ఏడు కాడనే ఆగింది. ఇంక అర తగ్గాలె," అన్నాడు మా ఆయన.

"ఆ అర నీకు కావాలె, చేపలకు గాదు."

నిర్మల్ నుంచి వచ్చిన అత్తమ్మ ఖాళీ అడుగును చూసి అడిగింది: "రాళ్లేవే?"

"సంచిల కట్టిన అత్తమ్మా. రాళ్లుంటే చేపలు బతకయి."

"దేవుని రాయి చేపలను చంపుతదా? నీ సదువేందో, నీ కథేందో!"

చేపలు చావలేదు. నెల గడిచింది, ఇంకొన్ని రోజులూ గడిచాయి. అప్పుడు పాపకు జ్వరం వచ్చింది. నూట రెండు. వానల్లో వచ్చే వైరల్ జ్వరమేనని డాక్టర్ సిరప్ రాశాడు. అత్తమ్మ తొట్టి ముందు నిలబడి చేపలను పరీక్షగా చూసింది.

"రెండుకు రెండు సక్కగున్నయి. తినుకుంట తిరుగుతున్నయి. మరి పిల్లకెందుకచ్చింది?" నా వైపు తిరిగింది. "నువ్వు రాళ్లు తీసినవు, గందుకే."

"గల్లీల సగం మంది పిల్లలకు జ్వరాలున్నయి అత్తమ్మా."

"ఆళ్లిండ్లల్ల చేపలున్నయా మరి?"

తడిబట్ట తేవడానికి వంటింట్లోకి వెళ్లాను. వస్తూ తొట్టి దగ్గర ఆగాను. మనిషి నీడ పడగానే రెండు చేపలూ మేత కోసం పైకొచ్చాయి. నేను చదివిన చదువుతో, నా చేతులతో నిలబెట్టిన చేపలు. వాటిని చూడగానే, ఒక్కటైనా పోకూడదా, అనుకున్నాను. ఆ మాట అత్తమ్మ నోట రాలేదు. నాకే, నా అంతట నాకే వచ్చింది.

మూడో రోజు జ్వరం దిగింది. ఎందుకు దిగిందన్నదానికి మా ఇంట్లో ఎవరి కారణం వాళ్లకుంది. చేపలు రెండూ ఉన్నాయి. పొద్దునా సాయంత్రం మేత నేనే వేస్తాను. వేసి, అవి పైకొచ్చేలోపే అక్కడి నుంచి వచ్చేస్తాను.