ఆమె చదవని ముగింపు

రైల్లో అందరూ సెల్‌ఫోన్లు చూసుకునే రోజులు వచ్చేశాయి. అందుకే పలాస పాసింజరులో నా ఎదుట కూర్చున్న అత్తాకోడళ్ల చేతిలో వారపత్రిక చూసి సంతోషించాను. తమది సముద్రం ఒడ్డున ఉన్న భావనపాడని చెప్పారు. కోడలు పైకి చదువుతుంటే చదువు రాని అత్త వింటోంది. రెండు వాక్యాలకే అది నేను రాసిన కథేనని తెలిసింది. చేపల వేటకెళ్లి తప్పిపోయిన పడవ కథ.

నేను మొదట రాసినప్పుడు ఆ పడవ తిరిగి రాలేదు. ఏడుపు కథలుంటే పత్రిక అమ్ముడుపోదని సంపాదకుడు అంటే, చివరి పేజీ మార్చి అందరినీ క్షేమంగా ఒడ్డుకు చేర్చాను.

ఆ పేజీ దగ్గర కోడలి గొంతు ఆగింది. కిందిదాకా కళ్లతోనే చదువుకుంది.

"తరవాతేటైనాది?" అంది అత్త.

"పడవ రానేదత్తా. అయిపోనాది," అని పత్రిక మూసేసింది.

ముసలామె కొంగుతో కళ్లొత్తుకుంది. కాసేపటికి ఆమెకు కునుకు పట్టింది. నేను ఉండబట్టలేక, "ఇంకో పేజీ ఉంది కదమ్మా?" అన్నాను.

"ఉన్నాది బాబూ," అంది కోడలు మెల్లగా. "పడవ తిరిగొచ్చినాదని రాసినారు. మా ఆయన పడవ రానేదు. ఇది సదివితే మా అత్త రేపట్నుంచి మళ్లీ ఒడ్డుకెళ్లి కూకుంటాది."

మొదటి ముగింపు నా కోసమే రాసుకున్నానని, అది ఇంకెవరికీ అక్కర్లేదని అప్పటిదాకా అనుకునేవాణ్ణి.

ఆ తర్వాత ఏ పత్రిక అడిగినా ముగింపు మార్చలేదు. కొన్ని కథలు అచ్చు కాకుండానే ఉండిపోయాయి.