పారాణి కింద ఎరుపు

2023 అక్టోబరు చివర. నార్త్ కరోలినాలోని క్యారీలో, పాదాల డాక్టర్ దగ్గర నేను ఊండ్ కేర్ నర్సుని. ఊండ్ కేర్ అంటే మానని పుళ్ళ సంగతి చూడటం. కడగడం, చచ్చిన చర్మం తీయడం, కట్టు కట్టడం. ఎవరైనా అడిగితే మావారు "ఏదో క్లినిక్‌లో చేస్తుంది" అని మాట మార్చేస్తారు. పెళ్ళాం పొద్దున్నించీ ఊళ్ళోవాళ్ళ కాళ్ళు పట్టుకుంటుందని చెప్పుకోడానికి ఆయనకి నామోషీ. నాకు మాత్రం లేదు.

ఇళ్ళల్లో హీటర్లు వేశారంటే మాకు మడమల సీజన్ మొదలైనట్టే. గాలి పొడిబారిపోతుంది, మనవాళ్ళేమో ఇంట్లో చెప్పులేసుకోరు. కాళ్ళు పగిలి, బెరడుకట్టి, దుప్పటికి గీరుకుంటున్నప్పుడు గుర్తొస్తాను నేను. అందరికీ చెప్పేది ఒకటే. గోరువెచ్చటి నీళ్ళతో కడుక్కోండి, మెత్తగా అద్దుకోండి, తడి పూర్తిగా ఆరకముందే యూరియా ఉన్న క్రీమ్ రాసి కాటన్ సాక్సు వేసుకోండి. వేళ్ళ సందుల్లో మాత్రం రాయొద్దు, అక్కడ తడి నిలిస్తే ఫంగస్ వస్తుంది. బ్లేడు జోలికి అసలు పోవద్దు. దీనికి నర్సు అక్కర్లేదు, కాస్త ఓపిక చాలు.

ఆ శుక్రవారం వసుంధరగారు వచ్చింది కూడా ఆ క్రీమ్ పేరు కోసమే. ఆవిడ మా ఊళ్ళో కూచిపూడి టీచరు. గరాజ్‌నే డాన్స్ క్లాస్ చేసి, ఆ సిమెంటు నేలమీదే ఏళ్ళ తరబడి పిల్లల చేత అడుగులు వేయిస్తోంది. మా అమ్మాయి కూడా కొన్నాళ్ళు నేర్చుకుంది. మర్నాడే ఆవిడ కూతురు నిత్య రంగప్రవేశం. మొదటి ఐటెమ్ తల్లీకూతుళ్ళిద్దరూ కలిసి చేయాలి. నిత్యే కారు డ్రైవ్ చేసి తీసుకొచ్చింది. కాలేజీలో చదువుతోంది, ఇక్కడే పుట్టిన పిల్ల.

"మడమలు ఎండిన మడిచెక్కల్లా ఉన్నాయి రమా, రేపు స్టేజీమీద లైట్లు పడితే పరువు పోతుంది. ఒక్క రోజులో నున్నగా అయ్యేదేదైనా ఇవ్వు తల్లీ," అంటూ కుర్చీలో కూచుని కాళ్ళు చాపింది.

రెండు పాదాలకీ ఎర్రగా పారాణి. ముందురోజు పూర్తి వేషంతో రిహార్సల్ అయిందట. చూడ్డానికి ముచ్చటగానే ఉంది. కుడికాలు ఎత్తి మడమ కింద చూశాను కదా, లోతుగా ఒక కోత. అంచులు తెల్లగా నాని ఉన్నాయి, లోపలంతా పసుపు అట్టకట్టి ఉంది.

"ఇదేంటి టీచర్‌గారూ!"

"ఏం లేదులే. ఆన్‌లైన్‌లో ఒకటి తెప్పించా, మడమలు చెక్కేది. ఆదివారం కాస్త లోతుకి దిగింది. పసుపు పెట్టా."

"దీనిమీద రిహార్సల్ చేశారా? నొప్పి లేదూ?"

"నొప్పా! ఎన్నేళ్ళుగా ఆడిన కాళ్ళనుకున్నావు ఇవి!" అని నవ్వింది. ఆ నవ్వులో ఎంత గర్వమో.

అంత కోతకి మనిషి కాలు నేలమీద ఆన్చలేడు. నొప్పి లేదంటే పుండు చిన్నదని కాదు, నొప్పిని చెప్పే నరాలు మొద్దుబారాయని. దాన్నే న్యూరోపతీ అంటాం, ఎక్కువగా షుగర్ వల్ల వస్తుంది. అడిగితే, "బోర్డర్‌లో ఉందన్నారెప్పుడో. మెంతులు నానబెట్టుకుని తాగుతున్నాగా," అంది. ఒళ్ళు మండింది నాకు. మెంతులట!

చేతి వెనకభాగంతో రెండు పాదాలూ తాకి చూశాను. ఎడమది చల్లగా ఉంది. కుడిది జ్వరమొచ్చిన పిల్ల నుదురులా కాలిపోతోంది.

సెల్యులైటిస్ అనేది చర్మం కింద పాకే ఇన్‌ఫెక్షన్. అది పాకిన మేరా చర్మం ఎర్రబడుతుంది. ఆ ఎరుపు అంచున మేం పెన్నుతో గీత గీస్తాం, గీత దాటితే ప్రమాదం ముదురుతున్నట్టు. ఇక్కడ గీత ఎక్కడ గీయను? పాదమంతా పారాణే. రంగు ఎంతో, రోగం ఎంతో తెలియడం లేదు. స్పిరిట్ దూదితో తుడవడం మొదలుపెట్టాను. దూది ఎర్రబడటం, పారేయడం, ఇంకోటి తీసుకోవడం. చివరికి దూది తెల్లగానే వచ్చింది, పాదం మాత్రం ఎర్రగానే ఉండిపోయింది. చీర కుచ్చెళ్ళు పైకి జరిపితే ఆ ఎరుపు చీలమండ కూడా దాటి ఉంది. అయ్యో దేవుడా అనుకున్నాను. పెన్ను తీసి ఆ అంచున గీత గీశాను.

అప్పుడు నిత్య నెమ్మదిగా అంది. "ఆంటీ, నేనే ఫోర్స్ చేసి తీసుకొచ్చా. నిన్న స్టార్ట్ చేసే ముందు అమ్మ ఫీట్‌కి నమస్కారం పెడతాను కదా, గురువు కదా. వన్ ఫుట్ చాలా హాట్ ఉంది. చెప్తే అమ్మ నవ్వేసింది. సో, క్రీమ్ కోసం అని చెప్పి తెచ్చాను."

"దీనికి అన్నీ అనుమానాలే," అని వసుంధరగారు పమిట భుజాల చుట్టూ కప్పుకుంది. "ఏసీ కాస్త తగ్గించు రమా, చలేస్తోంది."

ఏసీ ఎక్కడుంది! అది ఒంట్లోంచి వస్తున్న చలి.

డాక్టర్ వచ్చేసరికి ఎరుపు నా గీత దాటింది. ఆయన ప్రోబ్ తీసుకున్నారు. అది సన్నటి లోహపు పుల్ల, పుండు ఎముకదాకా పోయిందా అని దాన్ని లోపలికి పోనిచ్చి చూస్తారు. మామూలుగా అయితే మనిషి కేకపెట్టాలి. పుల్ల మడమలోకి దిగుతోంది, దిగుతూనే ఉంది. వసుంధరగారు మాత్రం నా వైపు తిరిగి, ఆర్కెస్ట్రా వాళ్ళకి పులిహోర చాలదేమో, ఇడ్లీ కూడా చెప్పాల్సిందేమో అని మాట్లాడుతోంది. నిత్య ఆ పుల్లనీ, వాళ్ళమ్మ మొహాన్నీ మార్చి మార్చి చూసింది. ఆ పిల్ల పెదాలు పాలిపోయాయి. ఇన్నేళ్ళ సర్వీసులో నేను చీమూనెత్తురూ చూసి భయపడలేదు గానీ, ఆ కబుర్లు విని భయపడ్డాను.

డాక్టర్ నా చెవిలో చెప్పారు, ఇవాళే ఆపరేషన్ కావాలి, ఆలస్యమైతే పాదం దక్కదని. నేను అదే మాట తెలుగులో చెప్పాను.

"రేపొక్క రోజు ఆగు. ఆదివారం పొద్దున్నే వెళ్తా," అంది.

"కుదరదు."

"సరే, డాన్స్ మానేస్తా. కూచుని తాళాలు వాయిస్తా. కూచుంటే ఏమవుతుంది?"

ఇక నా నోరు ఆగలేదు. "టీచర్‌గారూ, ఆదివారానికి కాలుంటుందో లేదో తెలియదంటుంటే ఇంకా తాళాలంటారేంటి? మీకు భయం లేదా?"

"భయపడితే స్టేజి ఎలా ఎక్కుతాం?" అంది, చిన్నపిల్లకి చెప్పినట్టు.

నిత్య ఫోన్ పర్సులో పెట్టేసి లేచింది. "అమ్మా, కాన్సిల్ చేసేశా. గ్రూప్‌లో పెట్టేశా. లే."

"ఎవరినడిగి చేశావే!" అని ఆవిడ అరిచిన అరుపుకి పక్క గదిలోవాళ్ళు తొంగిచూశారు. పిల్ల ఏడుస్తూనే వీల్‌చెయిర్ తెచ్చి పక్కన నిలబెట్టింది. అప్పటికి ఆవిడకి వాదించే ఓపిక కూడా అయిపోయింది, పళ్ళు టకటకా కొట్టుకుంటున్నాయి.

రెండు ఆపరేషన్లు చేశారు. మొదటిదాని తర్వాత, రేపు కాలు ఎక్కడిదాకా తీయాల్సొస్తుందో ఇప్పుడే చెప్పలేమన్నారట. నిత్య ఫోన్ చేసి "పాదమా ఆంటీ, మోకాలిదాకానా?" అని అడిగింది. "సర్జన్‌నే అడుగమ్మా" అన్నాను. చివరికి పాదం దక్కింది, మడమలో కొంత కండ పోయింది.

పుండు పూడేసరికి చలికాలం వెళ్ళిపోయింది. కట్టు విప్పిన రోజు ఆవిడ మొహం వెలిగిపోయింది. "ఇంక క్లాసులు మొదలుపెట్టొచ్చుగా? గజ్జెలు తీసి తుడిచిపెట్టాను," అంది.

స్పర్శ పరీక్ష చేయాలన్నాను. మోనోఫిలమెంట్ అని గేలపుదారం లాంటి నైలాన్ పోగు ఉంటుంది. పేషెంట్ కళ్ళు మూసుకోవాలి, పోగు తగిలినప్పుడల్లా చెప్పాలి. వసుంధరగారు కళ్ళు మూసుకుంది. బొటనవేలికింద ఆన్చాను. మాట లేదు. అరికాలి మధ్యలో, చిటికెనవేలి దగ్గర. ఊహూఁ. నేను పోగు పక్కన పెట్టేసి చేతులు ఒళ్ళో పెట్టుకున్నాను. అప్పుడంది, "ఆఁ, తగిలింది! ఇప్పుడు తగిలింది రమా."

అబద్ధం చెప్పడం చేతకాలేదు. "కళ్ళు తెరవండి టీచర్‌గారూ," అన్నాను.

ఆవిడ బల్లమీదున్న పోగుని చూసింది, నా ఒట్టి చేతుల్ని చూసింది. తర్వాత వంగి రెండు చేతులతో కుడి పాదం పట్టుకుంది.

"అయితే మళ్ళీ ఏదైనా గుచ్చుకున్నా నాకు తెలీదా?"

"తెలీదు. రోజూ చూసుకోవాలి, చేత్తో తడుముకోవాలి. అద్దం పెట్టి అడుగున కూడా."

"భయమేస్తోంది రమా," అంది. నాకు తెలిసి ఆవిడ నోట ఆ మాట రావడం అదే మొదటిసారి.

ఇప్పుడు ఎవరైనా నొప్పేం లేదండీ అంటూ కాళ్ళు చాపితే నేను ముందు దడుచుకుంటాను. భయమేస్తోందండీ అంటే మాత్రం ఊపిరి పీల్చుకుంటాను. ఆవేళ వసుంధరగారు ఆ మాట అనగానే నేను పైకే "హమ్మయ్య" అనేశాను.