కండె మార్చేటప్పుడు ఎత్తే చెయ్యి

నాకు భయం ఎక్కువ. దాన్ని దాచుకునే తెలివి కూడా లేదు. షోలాపూర్ భవాని పేట్‌లో మా ఇంటి వెనకే కార్ఖానా, అందులో ఒకే మోటారుతో నడిచే నాలుగు మరమగ్గాలు. తువ్వాళ్లు నేస్తాం. అవి నడుస్తుంటే పక్కనే నిలబడి అరిచినా వినపడదు. నా చిన్నప్పుడు అమ్మ కొంగు మగ్గాన్ని తిప్పే పట్టాలో చిక్కుకుంది. గొంతు చించుకుని అరిచిందట. పక్క మగ్గం దగ్గరున్న నాన్నకు, మా బాపుకు, ఆ అరుపు చేరలేదు. ఎందుకో తలెత్తి చూశాడు కాబట్టి మోటారు ఆపాడు, అమ్మ మాకు దక్కింది.

అప్పటినుంచి మా కార్ఖానాలో ఒక కట్టుబాటు. అటూ ఇటూ పరిగెత్తే నాడెలో నూలు అయిపోయి, నూలు చుట్టిన కొత్త కండె పెట్టిన ప్రతిసారీ తలెత్తాలి, ఎడమ చెయ్యెత్తి చూపాలి. బాగానే ఉన్నానని అర్థం. కుడి చేతికి పని ఉంటుంది కదా. ఎవరి చెయ్యయినా లేవకపోతే ముందు మోటారు బంద్, తర్వాతే మాటలు.

చదువుకుని తవ్వకాల పనిలో పడ్డాను. మొన్నటి చలికాలం ఒమన్‌లో ఒక పాత ఊరి దిబ్బ తవ్వడానికి వెళ్లాం. ఫోన్ చేస్తే అమ్మ ఒకటే ఎగతాళి. మా షోలాపూర్‌లో కొంతం చౌక్ రోడ్డు ఎప్పుడూ తవ్వే ఉంటుందట, అందులోనే వెతుక్కోరాదా అని.

మేం నలుగురం ఒక జట్టు. ఇటలీ నుంచి వచ్చిన పెద్దావిడ మా నాయకురాలు. పుణె అమ్మాయి ఒకతె, నా గదిలోనే ఉండేది. తాడు లాగడానికి ఆ ఊరి ఒమానీ పెద్దాయన. తెల్లారకముందే లేచి, రొట్టె, చిక్కుడు గింజల కూర తిని దిబ్బ ఎక్కేవాళ్లం. మధ్యాహ్నం ఎండకు దిగి వచ్చి, దొరికిన కుండ పెంకులు కడిగి, నీడలో ఆరబెట్టి, బొమ్మలు గీసుకునేవాళ్లం.

అక్కడ ఒక రాతి బావి బయటపడింది. మట్టితో పూడిపోయి ఉంది. సన్నగా ఉంటుందని పుణె అమ్మాయి నడుముకు బెల్టు, తాడు కట్టుకుని నిచ్చెన మీద దిగేది. ఆమె బకెట్ నింపితే పెద్దాయన లాగేవాడు, నేను జల్లెడ పట్టేదాన్ని, నాయకురాలు కొలతలు రాసేది. అడుగున నీటి ఊట ఉండడంతో గట్టు మీద పెట్రోలు పంపు నడిచేది. దాని మోతలో ఎవరి మాటా వినిపించేది కాదు. బకెట్ పైకి వచ్చిన ప్రతిసారీ చెయ్యెత్తి చూపమని ఆ అమ్మాయితో ఒట్టు వేయించుకున్నాను. మీ షోలాపూరోళ్లకు ఎక్కడ చూసినా మగ్గాలే కనిపిస్తాయని నవ్వింది. పెద్దాయనకు మాత్రం నచ్చింది. ఆయన కూడా కిందికి చూసి చెయ్యెత్తేవాడు.

ఒక రోజు గాలి మళ్లింది. మేమెవరం గమనించలేదు. బకెట్ సగమే నిండి వచ్చింది. బావిలోకి చూశాను. చెయ్యి లేవలేదు. ఏదో దొరికి ఉంటుంది, దానిమీద ధ్యాసలో ఉందిలే అనుకున్నాను. ఇంకో బకెట్ దాకా చూద్దామని మనసు చెబుతుండగానే నా చెయ్యి వెళ్లి పంపు ఆపేసింది.

ఒక్కసారిగా అంతా నిశ్శబ్దం. ఆ అమ్మాయి గోడకు ఆనుకుని, తల వాల్చి, కునుకు తీస్తున్నట్టు కూర్చుని ఉంది. పిలిచాను. నా గొంతే తిరిగొచ్చింది. నిచ్చెన మీద కాలు పెట్టానో లేదో నాయకురాలు నా కాలరు పట్టి వెనక్కి ఈడ్చింది. నువ్వూ దిగితే ఇద్దరిని లాగాలి అంది. పంపు పొగ బావిలోకి దిగిందని అప్పుడు తెలిసింది. ముగ్గురం తాడు పట్టి లాగాం. ఆమె ఒక బూటు జారి కింద పడింది. ఆ చప్పుడు వినగానే చచ్చిన మనిషిని లాగుతున్నామేమో అనుకున్నాను.

ఇసుక మీద పడుకోబెట్టాక చాలాసేపటికి దగ్గింది. ఆసుపత్రిలో తేరుకున్నాక మరాఠీలో నన్నే కోప్పడింది.

"పంపు ఎందుకు ఆపావు? నేను చెయ్యెత్తాను కదా."

చెయ్యి లేవలేదు, కానీ ఆమె అబద్ధమూ చెప్పలేదు. నా ముఖం చూశానని, చెయ్యెత్తానని ఆమెకు నిజంగానే గుర్తుంది. బావి కంటే ఆ మాటకే నేను ఎక్కువ భయపడ్డాను. అప్పటినుంచి ఎవరు బాగున్నానన్నా నాకు నమ్మకం కుదరడం లేదు.

ఇంటికి వచ్చాక ఇదంతా చెబితే అమ్మ దిష్టి తీసి, ఇక ఏ బావి ఛాయలకూ పోవద్దంది. కొన్నాళ్లు కార్ఖానాలోనే ఉన్నాను. ఒక మధ్యాహ్నం అమ్మ చివరి మగ్గం దగ్గర కండె మార్చింది. తలెత్తి నా కళ్లలోకే చూసింది. ఎడమ చెయ్యి మాత్రం పక్కన వేలాడుతూనే ఉంది.

మోటారు ఆపేశాను. కరెంటు పోయినట్టు మగ్గాలన్నీ ఆగిపోయాయి. అవతల బాపు, అలవాటు కొద్దీ, తను బాగానే ఉన్నానని చెయ్యెత్తాడు.

"ఏందే, లైట్ పోయిందా?" అంది అమ్మ. మాట కొంచెం ముద్దగా వచ్చింది.

"నువ్వు చెయ్యెత్తలేదమ్మా."

"ఎత్తిన గదనే. నీ దిక్కు చూసే ఎత్తిన."

దగ్గరికి వెళ్లి ఆ ఎడమ చేతిలో నా వేలు పెట్టి, గట్టిగా పట్టుకోమన్నాను.

"పట్టుకున్న గదా బిడ్డా," అంది.

వేళ్లు తెరుచుకునే ఉన్నాయి. ఆ చెయ్యి వదలకుండానే, ఆసుపత్రికి పోవాలి, ఆటో తీసుకురమ్మని బాపును కేకేశాను.