తవిటయ్య నూతి చుట్టూ గడ్డి

కంచరపాలెంలో ఆ సందుకి పేరంటూ లేదు. తవిటయ్య నుయ్యి సందు అంటే పోస్టుమేన్‌కి కూడా తెలిసేది. శ్రీకాకుళం వైపు పల్లెలో రైతుబిడ్డగా పుట్టి, పోర్టులో కళాసీగా చేరిన తవిటయ్య అక్కడ జాగా కొన్నాక ఇంటికంటే ముందు నుయ్యి తవ్వించాడు. అదృష్టం కొద్దీ నీళ్లు తియ్యగా పడ్డాయి. చుట్టుపక్కల ఏ నూతి నీళ్లలోనూ కందిపప్పు ఉడికి చచ్చేది కాదు, ఈ నీళ్లలో ఇట్టే మెత్తబడేది. ఇంకేముంది, తొంభైల్లో ఆ సందు ఆడవాళ్లంతా తెల్లారేసరికి బిందెలతో అతని పెరట్లోనే ఉండేవారు.

పిల్లాపాపా లేని ఇల్లు. తవిటయ్య, భార్య రామలక్ష్మమ్మ, ఇద్దరే. పొద్దున్న మాత్రం పెళ్లివారిల్లులా ఉండేది. గిలక కీచుమనడం, బిందెలు కొట్టుకోవడం, ఎవరి అత్త ఎవరిని ఏమందో సందంతటికీ తెలిసిపోవడం, అన్నీ అక్కడే. “ఏటీ గోల! మనిసిని పడుకోనివ్వరేటి?” అని తవిటయ్య రోజూ విసుక్కునేవాడు. ఆ విసుక్కోవడం కోసమే అందరికంటే ముందు లేచి, నూతి పక్కన పీట వేసుకుని కూర్చునేవాడు.

అంతమంది కాళ్లకింద పెరడు బురదైపోతోందని నూతి చుట్టూ, అక్కణ్ణుంచి గేటు దాకా నాపరాళ్లు తనే పరిచాడు. రాళ్ల మధ్య సిమెంటు పూయించమని తాపీమేస్త్రీ చెబితే వినలేదు.

“ఒలికిన నీరు నేల్లోకి దిగి మల్లీ నూతిలోకే సేరాల. సిమెంటు రాసేత్తే రోడ్డుపాలైపోద్ది” అన్నాడు.

అలా వేలెడేసి సందులు వదిలాడు. ఏళ్లతరబడి ఆ సందుల్లో ఒక్క గడ్డిపోచ మొలవలేదు. తను రాళ్లు పరిచిన తీరే అలాంటిదని అడిగినవాళ్లకీ అడగనివాళ్లకీ చెప్పేవాడు.

రెండువేల సంవత్సరం దాటాక సందులో ఇంటింటికీ కుళాయి వచ్చింది. మొదట్లో ఒకరిద్దరు మొహమాటానికి బిందె పట్టుకొచ్చారు. తర్వాత అదీ లేదు. పక్కింట్లో మిషను కుట్టుకునే కాంతం, రోజూ అందరికంటే ముందొచ్చే మనిషి, గేటు బయటనుంచే “బాగున్నావా మావా?” అని పోయేది. తవిటయ్య రిటైరయ్యిందీ అప్పుడే. ఖాళీ నూతి పక్కన పీట వేసుకుని ఎవరిమీద విసుక్కుంటాడు, పాపం!

ఆ ఏడు వానలకి రాళ్ల సందుల్లో గడ్డి మొలిచింది.

తవిటయ్యకి తల కొట్టేసినట్టయింది. వాళ్ల ఊళ్లో వాకిట్లో గడ్డి మొలిచిందంటే ఆ కొంపలో మనుషులు లేరనే లెక్క. వలస పోయినవాళ్ల ఇళ్లు అలాగే ఉంటాయి. కత్తిపీట పక్కన పడేసిన పాత చాకు తీసుకుని కూర్చుని గరికంతా గీకి పారేశాడు. వారం తిరిగేసరికి తుంగ లేచింది. మరిగే గంజి పోశాడు. గంజి తాగి తుంగ ఇంకాస్త బలిసినట్టనిపించింది. కిరసనాయిలు పోస్తే పెరడంతా కంపు కొట్టింది గానీ గడ్డికి చీమ కుట్టినట్టయినా లేదు.

“తొక్కే కాల్లు నేకపోతే గడ్డి మొలవదేటి?” అంది రామలక్ష్మమ్మ.

“కాల్లూ నేదు, సేతులూ నేదు. రాల్లు మంచియి కావు, అంతే” అన్నాడు. తను పరిచిన రాళ్లనే తిట్టాడంటే ఆ మాట ఎంత గుచ్చుకుందో చూడండి.

రామలక్ష్మమ్మ తమ్ముడు ఎల్లారావు వన్ టౌన్‌లో ఒక హోల్‌సేల్ కొట్లో బస్తాలు మోస్తాడు. ఆదివారం భోజనానికి వచ్చి, బావ నేలమీద బోర్లా పడి గడ్డి పీకడం చూశాడు.

“ఉప్పు సల్లెయ్ బావా. మనూర్లో తుపానుకి సముద్రం పొలాలెక్కినప్పుడు ఏటయ్యింది? మల్లీ ఒక్క పోస మొలిసిందా?”

నిజమే, మొలవలేదు. మర్నాడే నౌపడ గళ్లుప్పు బస్తా ఆటోలో దిగింది. తవిటయ్య సందు సందుకీ ఉప్పు కూరి, లోపలిదాకా దిగాలని పైన నీళ్లు కూడా పోశాడు. గడ్డి మాడి మసైపోయింది. ఎక్కడైనా పచ్చగా కనిపిస్తే చాలు, మరో గుప్పెడు. రెండు వానాకాలాలు అలాగే గడిచాయి. నూతి పక్క అరటిచెట్టు ఆకుల అంచులు మాడితే, ఎండ బాబోయ్ ఎండ అన్నాడు.

మరి నీళ్ల రుచి తెలియలేదా అంటే, అదో కథ. తవిటయ్య కుళాయి నీళ్లు ముట్టనని ఒట్టు పెట్టుకున్నాడు. రామలక్ష్మమ్మకేమో తోడితోడి భుజాలు అరిగిపోయాయి. ఆవిడ చప్పుడు చెయ్యకుండా కుళాయి నీళ్లు పట్టి కుండలో పోసేది. మొగుడు ఆ కుండలో నీళ్లు ముంచుకు తాగి, “మన నూతి నీల్ల రుసే వేరు” అని మీసం తుడుచుకునేవాడు. ఆవిడ తల ఊపేది.

ఆపై వేసవిలో కుళాయిలు ఎండిపోయాయి. అంతే, తెల్లారేసరికి గేటు ముందు బిందెల చప్పుడు! తవిటయ్య గుండె ఎగిరి గంతేసింది. లుంగీ సర్దుకుంటూ పరిగెత్తి, రెండు తలుపులూ బార్లా తెరిచాడు.

“ఇప్పటికి గుర్తొచ్చానేటి మీకు? రండి, రండి. సూసుకుని నడండి, రాల్లు కడిగినాను.”

కాంతం బొక్కెన వేసి తోడి, దోసిట్లో పోసుకుని ఓ గుక్క తాగింది. తాగినంతా తుపుక్కున ఉమ్మేసింది.

“ఏటి మావా, నూతిలో సముద్రం గాని పోసినావేటి?”

“పిచ్చిగాని పట్టిందా నీకు? ఇందాక లేవగానే తాగినాను నాను. తేనె!”

“అది కులాయి నీరయ్యా” అంది రామలక్ష్మమ్మ వెనకనుంచి. “నిన్న పట్టి దాసిందే. నువ్వు తాగతన్నదంతా అదే, ఇన్నాల్లూ.”

తవిటయ్య బొక్కెన ఎత్తి తాగాడు. ఉప్పు కషాయం. ఒలికిన నీరు మళ్లీ నూతిలోకే చేరాలని సందులు వదిలింది తనే. ఆ సందుల నిండా ఉప్పు కూరిందీ తనే. ఎవరో అడిగేవరకూ ఆగలేదు.

“నానే. గడ్డి సావాలని ఉప్పేసినాను” అన్నాడు.

తిట్టినా బాగుండేది. ఎవరూ తిట్టలేదు. ఖాళీ బిందెలు చంకనెత్తుకుని మెయిన్ రోడ్డు బోరింగు వైపు వెళ్లిపోయారు. తవిటయ్యకి ఏడుపొచ్చేసింది. దాచుకోనూ లేదు.

“ఏడిత్తే తీపొచ్చేత్తాదా? తోడు” అంది రామలక్ష్మమ్మ.

పాడైన నూతిని తోడి పారబోస్తే కొత్త ఊట తేరుకుంటుందని పల్లెలో పుట్టినవాళ్లకి ఒకరు చెప్పక్కర్లేదు. తవిటయ్య తోడడం మొదలెట్టాడు. తోడిన ప్రతి బొక్కెనా గేటు దాటించి రోడ్డుమీద కుమ్మరించి రావడం. ఇక రాళ్లమీద చుక్క పడనివ్వలేదు. పోర్టులో తాళ్లు లాగిన చేతులే, కానీ వయసు మళ్లిన చేతులు. మధ్యాహ్నానికి అరచేతులు బొబ్బలెక్కాయి.

బోరింగు దగ్గర్నుంచి తిరిగొస్తూ కాంతం చూసింది. బిందె ఇంట్లో దించి వచ్చి, అతని చేతిలోంచి తాడు లాక్కుంది.

“తప్పుకో మావా. ఇలగ తోడితే నీ పేనం పోద్ది గాని ఉప్పు పోదు.”

కాసేపటికి మరో ఇద్దరు వచ్చారు. సాయంత్రానికి గేటు దాకా వరస కట్టి, చేతినుంచి చేతికి బొక్కెనలు అందించుకుంటూ రోడ్డుమీద పోస్తున్నారు. రామలక్ష్మమ్మ టీ పెట్టి తెచ్చింది. ఎవరి కోడలు ఎవరిని ఏమందో మళ్లీ మొదలయ్యింది.

చీకటి పడేముందు కాంతం నీళ్లు నోట్లో పోసుకుని పుక్కిలించి ఉమ్మింది.

“ఇంకా ఉప్పే మావా. రేపొత్తాం.”

“రండి” అన్నాడు తవిటయ్య. ఈ నుయ్యి అంత తొందరగా తేరుకోకపోతే బాగుణ్ణు అనిపించింది అతనికి.