చుక్క వచ్చేదాకా

నిన్న పొద్దున వర్తూరు రోడ్డు పక్కన ఆకుకూరల బండి దగ్గర సబ్బసిగె సొప్పు కట్ట ఒకటి చేతిలోకి తీసుకున్నాను. వెంట్రుకల్లా సన్నగా ఉండే ఆకు. తెలుగువాళ్లలో కొందరు దాన్ని సోయకూర అంటారట. బెంగళూరులో పుట్టి పెరిగిన నాకు మాత్రం అది సబ్బసిగే. మట్టి పోయేలా కట్టను దులిపేసరికి ఆ ఘాటు వాసన ముక్కుకు తగిలింది. బండి, రోడ్డు, వెనక హారన్ కొడుతున్న ఆటో, అన్నీ ఎటో పోయాయి. ఒక వంటగది కనిపించింది. గడప మీద పుస్తకాలు పట్టుకుని కూర్చున్న తెల్లటి మొహాల పిల్లలు కనిపించారు. లోపలి గదిలోంచి "చుక్క రానీండప్పా!" అని ఒక గొంతు వినిపించింది. బండివాడు "ఏనమ్మా, తగోతీరా ఇల్వా?" అని కసిరేదాకా, కొనేదీ కొనకపోయేదీ తేల్చకుండా అట్లాగే నిలబడి ఉన్నాను.

ఆ గొంతు సరళ టీచరమ్మది. మీరెవరూ ఆమెను చూసి ఉండరు. అనంతపురం వైపు మనిషి. చిన్న వయసులోనే చదువుకోసం రష్యా వెళ్లి, అక్కడే చాలా ఏళ్లు ఉండి, తిరిగొచ్చి వర్తూరు చెరువుకు కాస్త ఇవతల రెండు గదుల ఇంట్లో ఒంటరిగా ఉండేది. చెరువు చుట్టూ అపార్ట్‌మెంట్లు లేచాక, కంపెనీ పనుల మీద రష్యా నుంచీ కజకిస్తాన్ నుంచీ కొన్ని కుటుంబాలు వాటిలోకి దిగాయి. వాళ్ల పిల్లలకు రష్యన్ తప్ప రాదు. ఇక్కడి బడుల్లో ఇంగ్లీషు తప్ప నడవదు. రష్యన్‌లో విడమరిచి ఇంగ్లీషు నేర్పే మనిషి కావాలని వెతుక్కుంటూ ఆ తల్లులు ఈమె గుమ్మం ఎక్కారు. నేను ఆ ఇంట్లో వంటమనిషిని. పేరు మునియమ్మ, ఆమె నోట్లో మునెక్క. అప్పటికే యాభై దాటినదాన్ని, ఒక్క అక్షరం రాదు. బస్సు వస్తే బోర్డు చూసేదాన్ని కాదు, పక్కన నిలబడినవాళ్ల మొహం చూసేదాన్ని.

ఆమె దేవత అని రాయను. దేవతలకు అంత కోపం ఉండదు. ఉప్పు ఒక పలుకు తగ్గితే కంచం వెనక్కి తోసేది. తనకేమో నీళ్లు కాచడం కూడా సరిగా రాదు. పాలు లేని టీలో నిమ్మకాయ పిండుకుని తాగే అలవాటు అక్కడినుంచి తెచ్చుకుంది. ఆ టీ అయినా వేడిగా తాగేదా అంటే అదీ లేదు. పిల్లలు చదువుతుంటే గ్లాసు ముందు పెట్టుకుని వింటూ కూర్చునేది. అది చల్లారిపోయేది. నేను వేడి చేసి తెచ్చేదాన్ని, మళ్లీ చల్లారేది. "తాగేదానికి కాకపోతే పెట్టమనేది ఎందుకు టీచరమ్మా, గ్యాస్ దండగ" అంటే, "నీ పని నువ్వు చూసుకో" అనేది. బాగా చదివావు అన్న మాట ఏ పిల్లకూ ఆమె నోటివెంట వచ్చింది లేదు. చెవులు మాత్రం ఇచ్చేది. అంత నిండుగా వినే మనిషిని నేను మళ్లీ చూడలేదు.

ఆమె దగ్గర ఒక పద్ధతి ఉండేది. చదివేవాళ్లు చదువుతున్నప్పుడు వాక్యం చివర చుక్క వచ్చేదాకా ఎవరూ నోరు విప్పకూడదు. తప్పు చదివినా సరే, తక్కిన పిల్లలు నవ్వకూడదు, సరిదిద్దకూడదు, చివరికి టీచరమ్మ కూడా మాట్లాడకూడదు. చదివేవాళ్లకూ ఒక కట్టడి ఉంది. మధ్యలో తడబడితే పడ్డచోటినుంచి కాదు, వాక్యం మొదటినుంచి ఎత్తుకోవాలి. ఈ పద్ధతిలోకి నన్ను ఎట్లా లాగిందో చెబుతాను. ఒకరోజు నేను సబ్బసిగె తరుగుతుంటే, పిల్లలు పాఠం వదిలేసి "ఉక్రోప్! ఉక్రోప్!" అని అరుచుకుంటూ వంటగదిలోకి పరుగెత్తుకొచ్చారు. పామేమన్నా దూరిందా అని కత్తిపీట వదిలేసి లేచాను. టీచరమ్మ పొట్ట పట్టుకుని నవ్వింది. "పాము కాదు మునెక్కా, నీ చేతిలోని సొప్పు. వాళ్ల ఊర్లో దాన్ని ఉక్రోప్ అంటారు. సూపులోనూ అదే, ఆలుగడ్డ మీదా అదే. వాళ్ల అవ్వల వంటిళ్లు ఈ వాసనే వస్తాయి." ఆ పిల్లలు నా చుట్టూ చేరి ఆకులు వాసన చూస్తుంటే ఆమె చూస్తూ నిలబడింది. మరుసటి రోజు నుంచి కొత్త హుకుం వచ్చింది. పాఠం అయ్యాక ప్రతి పిల్లా వంటగది గడప మీద కూర్చుని ఒక పేజీ నాకు చదివి వినిపించాలి.

"నాకు ఇంగ్లీషు యాడ వస్తాది టీచరమ్మా? నాకు చదివేది, ఈ రోటికి చదివేది ఒకటే" అన్నాను.

"రోలు వింటే మొహం మారదు. నీకు మారుతుంది. అది చాలు."

అట్లా మొదలైంది. అర్థం తెలియకపోయినా, చదవడానికీ రాళ్లు ఒక్కొక్కటే కిందేయడానికీ తేడా తెలుస్తుంది. "ఏమప్పా, కండక్టరు స్టాపులు అరిచినట్టు అరుస్తాండావు, కథ చెప్పు" అనేదాన్ని. టీచరమ్మ దాన్ని లోపలినుంచే రష్యన్‌లో చెప్పేది. పిల్లలు నా కత్తిపీట వైపు చూస్తూ చదివేవాళ్లు. నా చెయ్యి ఆగిందంటే బాగా చదివినట్టు లెక్క. అది వాళ్లే పెట్టుకున్న లెక్క. నేను ఒక్కోసారి వేలు తెగి ఆపినా పొంగిపోయేవాళ్లు.

గ్రామర్ చెప్పేటప్పుడు ఆమె ఎక్కువ తంటాలు పడేది 'ఈజ్', 'ఆర్' అనే చిన్న మాటలతో. పిల్లలు వాటిని మింగేసేవాళ్లు. "ఇది ఇల్లు, వాడు నా తమ్ముడు అంటాం కదా మనం. మధ్యలో ఇంకో మాట ఏమన్నా ఉండాదా? రష్యన్‌లోనూ లేదు. అందుకే వీళ్లకు గుర్తుండదు" అని నాకు చెప్పింది. నేను ఆశ్చర్యపోయాను. మంచు దేశం పిల్లలూ నేనూ ఒకే రకంగా మాట్లాడతామా! అప్పటిదాకా ఇంగ్లీషంటే నాకు పెద్దింటి గేటు. ఆరోజు మొదటిసారి ఆ గేటు ముందు నాతోపాటు ఇంకా కొంతమంది నిలబడి ఉన్నట్టు అనిపించింది. బహుశా నా మొహంలో అది కనబడిందేమో, సాయంత్రం ఆమె తెలుగు వాచకం ఒకటి తెచ్చి పిండి డబ్బా మీద పెట్టింది. "ముందు మన అక్షరాలు" అంది. "ఈ వయసులోనా?" అంటే, "వయసు నీ కండ్లకు వచ్చింది, అద్దాలు పెట్టించుకో" అంది.

నెలల మీద పట్టింది. మధ్యలో ఎన్నోసార్లు ఆ పుస్తకాన్ని పొయ్యిలో పెడతానని బెదిరించాను. మన అక్షరాలు కుదిరాక కన్నడ అక్షరాలు కూడా చుట్టాల మొహాల్లా పోల్చుకునేలా కనబడసాగాయి. ఒకరోజు స్టాపులో నిలబడి బస్సు మీద 'కె.ఆర్.పురం' అని నా అంతట నేనే కూడబలుక్కుని చదివాను. గసపోసుకుంటూ వచ్చి టీచరమ్మకు చెప్పాను.

"మరి ఎక్కినావా?"

"లేదు. చదువుతా నిలబడినా. బస్సు పోయింది."

ఆమె మెచ్చుకోలేదు. కానీ ఆ పూట ఉప్పు తక్కువైనా కంచం తొయ్యలేదు.

అలీనా వచ్చింది ఆ రోజుల్లోనే. పన్నెండేళ్ల పిల్ల. తండ్రి ఇక్కడికి వచ్చి రెండేళ్లు దాటాక తల్లీ పిల్లా వచ్చి చేరారు. అన్నాళ్లూ తండ్రిని ఫోన్లో చూస్తూ పెరిగింది. ఇక్కడ ఒక పెద్ద బడిలో చేర్చాలంటే హెడ్‌మిస్ట్రెస్ ముందు ఇంగ్లీషు పేజీ ఒకటి గట్టిగా చదవాలి. అంతకుముందు వేరే బడిలో అట్లా చదవబోతే గదిలో ఎవరో నవ్వారట. ఆనాటినుంచి ఇంగ్లీషు పుస్తకం తెరిస్తే ఆ పిల్ల నోరు తెరవదు. రాయమంటే రాస్తుంది, అడిగితే తల ఊపుతుంది, గొంతు మాత్రం రాదు. ఈ బడిలో సీటు రాకపోతే తల్లీ పిల్లా వెనక్కి వెళ్లిపోవాలి, తండ్రి ఇక్కడే ఉండాలి. ఆ తల్లి వంటగదిలో నా పీట మీద కూర్చుని రష్యన్‌లో ఏడుస్తూ ఇదంతా చెప్పింది. టీచరమ్మ నాకు తెలుగులో చెప్పింది. అలీనా గడప మీద కూర్చుని సబ్బసిగె కాడ ఒకటి వేలికి చుట్టుకుంటోంది.

రెండు వారాలు ప్రయత్నించినా ఆ పిల్ల నోరు పెగల్లేదు. అప్పుడు టీచరమ్మ చేసిన పనికి నాకు ఒళ్లు మండింది. నా తెలుగు వాచకం తెచ్చి నా ఒళ్లో పడేసి, "చదువు, ఆ పిల్లకు వినిపించు" అంది.

"మీకేమన్నా పిచ్చా టీచరమ్మా? దానికి తెలుగు రాదు, నాకు చదువు రాదు. ఇద్దరం కలిసి ఏమి ఊడబొడుస్తాం?"

"అందుకే."

"పిల్లల ముందర నన్ను నవ్వులపాలు చేస్తాండారు."

"నవ్వితే నవ్వనీ. చుక్క దాకా పో."

చదివాను. చెవులు కాలిపోయాయి. ఒత్తు దగ్గర పడ్డాను, మొదటినుంచి ఎత్తుకున్నాను, మళ్లీ అక్కడే పడ్డాను. అలీనా రెప్ప వెయ్యకుండా నా నోటివైపే చూస్తోంది, తన నోరు కూడా నాతోపాటు కదులుతోంది. చివరికి చుక్క వచ్చింది. ఆ పిల్ల ఊపిరి వదిలింది, నేనూ వదిలాను. తర్వాత తన పుస్తకం తీసి, దోమ గుయ్‌మన్నంత గొంతుతో ఒక్క వాక్యం చదివింది. లోపలి గదిలో టీచరమ్మ ఉన్నట్టే లేదు. మరుసటి రోజు నాదొక వాక్యం, దానిదొక వాక్యం. కొన్నాళ్లకు నాదొక పేజీ, దానిదొక పేజీ. నేను పడ్డప్పుడు అది ఆగేది, అది పడ్డప్పుడు నేను ఆగేదాన్ని. వారం వారం దాని గొంతు గడప దాటి హాల్లోకి వెళ్లింది.

బడికి పోయే రోజు "మూని రావాలి" అని ఆ పిల్ల పట్టుబట్టింది. మునియమ్మ దాని నోట్లో మూని. వంట కట్టిపెట్టి నేనూ వెళ్లాను. చల్లటి గది. హెడ్‌మిస్ట్రెస్ చెడ్డమనిషి కాదు, తొందర మనిషి. పుస్తకం తెరిచి చేతికిచ్చింది. అలీనా మొదలుపెట్టింది. నాలుగు మాటలు పోగానే ఆవిడ "నో, నో" అని ఒక మాట సరిదిద్దింది. అలీనా ఆగిపోయింది. తర్వాత వాక్యం మొదటికి వెళ్లి మళ్లీ ఎత్తుకుంది. ఆవిడ ఇంకోచోట అడ్డుపడింది. అలీనా మళ్లీ మొదటికి. ఆవిడ చేతి గడియారం చూసుకుంది. పక్కన తల్లి కళ్లు మూసుకుని ఏదో గొణుక్కుంటోంది. నాకు ఉండబట్టలేదు. 'కాస్త నోరు మూసుకుని వినరాదా తల్లీ' అన్న మాట నాలుక చివరికి వచ్చేసింది. అంతలో టీచరమ్మ నా ఎడమ మణికట్టు పట్టుకుంది. నావైపు చూడలేదు. గోళ్లు దిగబడేంత గట్టిగా పట్టుకుంది.

అలీనా తల ఎత్తి చూసింది, నావైపు. నా చేతిలో కత్తిపీట లేదు, సొప్పు లేదు, ఏం చెయ్యాలో తెలియలేదు. వంటగదిలో కూర్చున్నట్టే కదలకుండా కూర్చున్నాను. అది మళ్లీ మొదటి మాట దగ్గరికి వెళ్లి, నెమ్మదిగా, ఒక్కో మాటా నేల మీద పాదం మోపినట్టు మోపుతూ చదివింది. హెడ్‌మిస్ట్రెస్ అడ్డుపడబోయి, ఎందుకో ఆగింది. చుక్క వచ్చింది. ఆ తర్వాత రెండో వాక్యం, మూడోది. పేజీ చివరికి వచ్చేసరికి ఆవిడ కుర్చీలో వెనక్కి వాలి వింటోంది.

"ఈ మొండితనం మీరు నేర్పిందేనా?" అని టీచరమ్మను నవ్వుతూ అడిగింది.

"లేదు మేడం, అది దానిదే" అంది టీచరమ్మ.

సీటు ఇచ్చారు. తిరిగి వచ్చేటప్పుడు ఆటోలో నా చెయ్యి చూపించాను. "చూడండి, కమిలిపోయింది."

"కమలనీ. చుక్క రాకముందే మాట్లాడేదానికి నువ్వెవరు?"

మాట గట్టిగానే ఉంది. నేను చూపించిన చెయ్యిని మాత్రం ఒళ్లోకి తీసుకుని బొటనవేలితో రుద్దుతూ కూర్చుంది.

పోయిన ఏడాది వానల్లో టీచరమ్మ పోయింది. జ్వరమని ఆస్పత్రికి వెళ్లిన మనిషి మళ్లీ రాలేదు. అలీనా వాళ్లు అప్పటికే వేరే దేశంలో ఉన్నారు. ఆ పిల్ల ఇప్పుడు కాలేజీలో చదువుతోంది. కబురు తెలిసి వీడియో కాల్ చేసింది. నేను ఫోన్ను పిండి డబ్బాకు ఆనించి కూర్చున్నాను. ఆ పిల్లల చదువు వినీ వినీ నాకు పట్టుబడినంత తేలిక ఇంగ్లీషులో ఏదో చెప్పబోయింది. "టీచర్ నన్ను ఎప్పుడూ మెచ్చుకోలేదు, కానీ…" అని ఏడుపొచ్చి ఆగింది. నేను ఓర్చుకునే మనిషిని కాదు. ఎవరైనా ఏడిస్తే 'ఊరుకో తల్లీ' అని మధ్యలోనే అడ్డుపడే రకాన్ని. ఇంట్లో కోడలు మాట సగంలో ఉండగానే జవాబు చెప్పేసేదాన్ని. 'ఊరుకో' అన్న మాట నోటిదాకా వచ్చింది. అలీనా ముక్కు తుడుచుకుని, వాక్యం మొదటినుంచి ఎత్తుకుంది. మళ్లీ అక్కడే పడింది. మళ్లీ ఎత్తుకుంది.

"టీచర్ నన్ను ఎప్పుడూ మెచ్చుకోలేదు, కానీ నేను చదువుతుంటే తన టీ చల్లారిపోయేదాకా వినేది."

చుక్క వచ్చింది. అప్పుడు ఇద్దరం ఏడ్చాం. కాసేపయ్యాక కిందికి చూసుకుంటే, నా ఎడమ మణికట్టును నా కుడిచేయి గట్టిగా పట్టుకుని ఉంది.