క్రోమ్లీ గారి కారుకి కండక్టరు

మా ఆవిడ గిరిజ తెనాలి డిపో కండక్టరు సుబ్బయ్య గారి కూతురు. ఎవరికి పరిచయం చేసుకున్నా ముందు ఈ సంగతే చెబుతుంది, చదువు సంగతి తర్వాత. మెకానికల్లో మాస్టర్స్ చేయడానికి ఆక్లాండ్ వచ్చి, అది అవగానే రేసు కార్ల వర్క్‌షాపులో టైర్లు మార్చే పనిలో చేరింది. నేను సిటీ సెంటర్లో కంప్యూటర్ ముందు కూర్చునే మనిషిని. శనివారం పొద్దున్న బోటనీ డౌన్స్‌లోని మా ఇంట్లో ముసుగుతన్ని పడుకోవడం నా హక్కు అనుకునేవాణ్ణి. ఆ హక్కు పోయి ఏడేళ్ళయింది.

గిరిజ టీముకి డ్రైవరు ఆర్థర్ క్రోమ్లీ. ఇంగ్లండు మనిషి, యాభై తొమ్మిదేళ్ళు. పాలవ్యాను నడిపే తండ్రి పక్కన కూర్చుని గేర్లు నేర్చుకున్నాడు. టూరింగ్ కార్లు, అంటే మనం రోడ్డు మీద చూసే కార్లనే రేసుకి తయారుచేసినవి, పదిహేనేళ్ళు నడిపాడు. ఆ తర్వాత పగలూ రాత్రీ ఆగకుండా సాగే స్పోర్ట్స్ కార్ల రేసులు. ఒక ఏడు అక్కడి చలి తప్పించుకుందామని న్యూజిలాండ్ వచ్చి, ఇక్కడే ఉండిపోయాడు. ఇంగ్లండులో గెలిచిన కప్పులు షెడ్డులో దుమ్ము పట్టి ఉన్నాయి. ఇక్కడి మూడు గంటల పెద్ద రేసు మాత్రం ఒక్కసారీ గెలవలేదు. నాలుగుసార్లు రెండో స్థానమే. అది తలుచుకుంటే నాకే కడుపు మండేది, ఆయన మాత్రం టీ తాగుతూ ఊరుకునేవాడు.

పోయినేడు గెలిచేవాడే. ఆ రోజు గిరిజ హెడ్‌సెట్టు పెట్టుకుని, టైర్లు మార్చడం అవగానే కారుని వదిలే పనిలో ఉంది. లోపలున్న డ్రైవరుకి వెనక సరిగ్గా కనబడదు, ఆమె చెబితేనే కదలాలి. మా కారు అందరికంటే ముందుంది. ఇరవై నిమిషాలే మిగిలాయి. నాలుగు టైర్లూ కళ్ళు మూసి తెరిచేలోగా పడ్డాయి. ఆ సంబరంలో 'గో' అనాల్సిన మా ఆవిడ నోట్లోంచి తెనాలి బస్టాండు ఊడిపడింది.

"రైట్ రైట్!"

మనకైతే బండి పోనిమ్మని. ఆయన ఇంగ్లీషువాడాయె. ఎడమవైపు ఏదో ముంచుకొస్తోంది కాబోలు, కుడికి తిప్పమంటోంది అనుకుని స్టీరింగు తిప్పేశాడు. పక్క టీమువాళ్ళు పేర్చుకున్న టైర్ల మీదికెక్కింది కారు. రేసు పోయింది. టీము ఓనరు ఆ సాయంత్రమే గిరిజ దగ్గర హెడ్‌సెట్టు లాగేసుకున్నాడు. రెండు రోజులు ఆమె అన్నం ముట్టలేదు. నవ్విద్దామని "రైట్ రైట్" అన్నందుకు నాకూ పెట్టలేదు.

ఈ ఏడాది క్రోమ్లీ రిటైరవుతున్నానని చెప్పాడు. ఆఖరి రేసుకి వారం ముందు మా ఇంటికొచ్చి, పెసరట్టు తింటూ, ఆ రోజు ఆ మాట ఎందుకన్నావని గిరిజని అడిగాడు. ఏడాదిలో ఎవరూ అడగని ప్రశ్న అది. ఆమె వెంటనే తండ్రికి వీడియో కాల్ చేసింది. సుబ్బయ్య గారికి కప్పులతో పనిలేదు, స్టీరింగు పట్టినవాడు ఎవరైనా డ్రైవరే.

"డ్రైవరు గారూ, హోల్డాన్ అంటే ఆగాలి. రైట్ రైట్ అంటే పోవాలి. మీరు అద్దం చూసుకోనక్కర్లేదు. వెనక చూసుకోవడం మా డ్యూటీ."

గిరిజ దాన్ని ఇంగ్లీషులో చెప్పింది. క్రోమ్లీ తింటున్న చెయ్యి ఆపి, ఆ రెండు మాటలూ తనలో తాను అనుకున్నాడు. మర్నాడు ఓనరుతో, హెడ్‌సెట్టు గిరిజకిస్తేనే కారెక్కుతానన్నాడట.

రేసు రోజు నేను గ్యారేజీ గోడకి అతుక్కుని నిలబడ్డాను, చేతిలో ఫోను, ఫోనులో మావగారు. చివరిసారి టైర్లకి వచ్చేసరికి మేం రెండో స్థానంలో ఉన్నాం. మళ్ళీ రెండే. టైర్లు పడ్డాయి. ఓనరు చెయ్యి ఊపుతూ పొమ్మని అరుస్తున్నాడు.

"హోల్డాన్," అంది గిరిజ.

కారు కదల్లేదు. ఓనరు మొహం కందగడ్డలా అయింది. అంతలో ఓ తెల్లకారు వెనకనుంచి దూసుకొచ్చి, మా కారుని రాసుకుంటున్నట్టే పోయింది. కదిలి ఉంటే క్రోమ్లీ కెరీర్ అక్కడే నుజ్జయ్యేది.

"రైట్ రైట్!"

సూటిగా దూకింది బండి. ముందున్న ఎర్రకారుకీ మాకూ తొమ్మిది సెకన్ల దూరం. ప్రతి రౌండుకీ అది తరుగుతోంది, ఆరు, నాలుగు, రెండు. ఆఖరి రౌండులో, పల్లంలోని మలుపు దగ్గర, క్రోమ్లీ లోపలివైపు నుంచి దూరి దాటేశాడు. నేను ఎవర్ని కౌగిలించుకున్నానో నాకే తెలియదు, తర్వాత చూస్తే ఓనరు. ఫోనులో సుబ్బయ్య గారు విజిలేస్తున్నారు. అంత ఆనందం నేను జన్మలో ఎరగను.

గెలిచిన కారుని జనం ముందు ఓ చుట్టు తిప్పడం అక్కడి ఆనవాయితీ. క్రోమ్లీ కారెక్కలేదు. హెల్మెట్ తీసి గిరిజ చేతిలో పెట్టి, ఆమెనే కూర్చోబెట్టాడు. ఆమె కళ్ళ వెంట నీళ్ళు ఆగడంలేదు, దారి కనబడడం లేదంది.

"వెనక నేను చూసుకుంటాను," అన్నాడాయన. కారు పైకప్పు మీద అరచేత్తో రెండుసార్లు చరిచాడు. "రైట్ రైట్."

కారు సూటిగానే వెళ్ళింది.